అనువాదంలో పోయిన తుంటి ఎముక

పాలకేంద్రంలో ముప్పై ఏళ్లు పాలు తూచిన సైరాకాన్‌కు కోపం వస్తుందని కొండల నడుమ ఉన్న అట్‌బాషి ఊళ్లో ఎవరూ అనుకోలేదు. కాటా ఖాళీగా ఉన్నప్పుడు పాత కాగితాల వెనక కథలు రాసుకునేది. అవి అటు తిరిగి ఇటు తిరిగి జర్మనీలో పుస్తకమయ్యాయి. అప్పటినుంచి ఏడేళ్లుగా ఆ ప్రచురణకర్తకూ, అనువాదకుడు డీట్‌మార్‌కూ ఉత్తరాలు రాస్తూనే ఉంది. ప్రతిదానిలోనూ కృతజ్ఞతే. పుస్తకం వేసినందుకు, అట్టమీద గుర్రం బొమ్మ వేసినందుకు, చివరికి పార్సెల్ తడవకుండా కట్టినందుకు కూడా.

లోపల ఏముందో మాత్రం చదివించుకోలేదు. ఎవరేమిచ్చినా రెండు చేతులా పుచ్చుకోవాలి, ఇచ్చినవాళ్ల ఎదుట విప్పి పరీక్షించకూడదు. ఆమె పెరిగిన పద్ధతి అది. ఇచ్చినవాళ్లు ఎంత దూరాన ఉన్నా ఆమెకు ఎదుట ఉన్నట్టే. పుస్తకాన్ని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది.

మార్చిలో ప్రచురణకర్త నుంచి ఉత్తరం వచ్చింది. రెండో ముద్రణ వేస్తారట. అనువాదాన్ని మెచ్చుకుంటూ ఆమె ఒక లేఖ రాస్తే మొదటి పేజీలో పెడతారట. పక్కింటి ఊల్కాన్ కోడలు నుర్జాత్ బడిలో జర్మన్ పంతులమ్మ. ఆమే చదివి చెప్పింది.

"మెచ్చుకునే ముందు ఏం రాశాడో చూద్దాం, పుస్తకం తియ్యక్కా" అంది ఊల్కాన్. మూసి ఉన్నది ఏదైనా సరే, తెరిచేదాకా ఆవిడకు ఊపిరాడదు.

నుర్జాత్ 'విందు' కథ తీసింది. అది సైరాకాన్ తల్లి కథ. భర్త పోయిన నలభయ్యో రోజు విందులో మరిది మాంసం పంచాడు. ఇంటి పెద్దామెగా ఆమెకు దక్కాల్సిన తుంటి ఎముకను తన పెళ్లాం ముందు పెట్టి, వదినవైపు ఎవరికీ గౌరవంగా పెట్టని మెడముక్క తోశాడు. ఊరంతా చూస్తుండగా. ఆమె చేతులు తుడుచుకుని లేచి, కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని గుర్రమెక్కింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

"'అందరూ మాంసం తిన్నారు. ఆమె లేచి వెళ్లిపోయింది.' ఇంతే ఉంది పెద్దమ్మా."

"ఎముక ఏదీ?"

"లేదు."

"మెడముక్క?"

"అదీ లేదు. మాంసం పంపకాలు పాఠకులకు విసుగని కుదించాడట. కింద రాశాడు."

"అంటే మీ అమ్మ సుబ్బరంగా తినేసి, మొగుడి నలభయ్యో రోజున గుర్రమెక్కి షికారుకెళ్లిందా?" అంది ఊల్కాన్.

"నోరు ముయ్యవే!"

వెనక అట్టమీద ఏదో పత్రికవారి మెప్పు కూడా ఉంది. 'కారణమెరుగని కొండల విషాదం' అని.

"కారణం లేదా! కారణం పళ్లెంలో పెట్టి ఇచ్చాను కదే! ఇన్నేళ్లూ నేను దండాలు పెట్టింది దేనికి, మా అమ్మను పిచ్చిదాన్ని చేసినందుకా?" సైరాకాన్ గొంతు వీధి చివరికి వినిపించింది. వెంటనే కాగితం లాక్కుని గొర్రె బొమ్మ గీసింది. ఏ ఎముక ఎవరిదో పక్కనే రాసింది. కింద రెండే మాటలు: "ఎముకకు చోటు లేకపోతే మా అమ్మనూ తీసెయ్యండి. ఆమెను అలా నిలబెట్టి ముద్రణ వెయ్యొద్దు."

"పైన ఒక్క కృతజ్ఞత పెట్టండి పెద్దమ్మా, మర్యాదగా ఉంటుంది" అంది నుర్జాత్.

"ఏడేళ్లవి వాళ్ల దగ్గర పడున్నాయిగా. వాటిలోంచి ఒకటి తీసుకోమను."

మే నెలలో జవాబు వచ్చింది. ముద్రణ ఆపారు. డీట్‌మార్ క్షమించమని అడిగి, ఆ పేజీలు మళ్లీ అనువదించి పంపాడు. నుర్జాత్ చదువుతుంటే తుంటి ఎముక వచ్చింది, మెడముక్క వచ్చింది. సైరాకాన్ కళ్లు తుడుచుకుంది.

"'మరిది పొరపాటున ఆ ఎముకను...'"

"ఆగు. పొరపాటునా?"

"అలాగే ఉంది. ఆయన్ను మరీ చెడ్డవాణ్ణి చెయ్యడం ఇష్టంలేక కాబోలు."

"మా బాబాయి మీద ఇతగాడికెందుకంత జాలి!" సైరాకాన్ చెయ్యి చాచింది. "ఆ పెన్ను ఇటియ్యి."