మెట్ల మలుపులో ఉన్న స్టూలు నాది

నా పేరు బాలమణి. వయసు డెబ్బై రెండు, మా అమ్మ చెప్పిన దాంట్లో ఒకటి అటో ఇటో. ఊరు గుండ్లపోచంపల్లి. మాది రెండంతస్తుల ఇల్లు. పైన నేను, నా కొడుకు మల్లేశు, కోడలు ఉంటాం. కింద మా మరిది, ఆయన కొడుకు, ఆ కొడుకు భార్య స్వప్న, వాళ్ల పిల్లవాడు ఉంటారు. కింద ఇంకో మనిషి కూడా ఉండేది. నా యారాలు, మా మరిది భార్య. ఒక పొద్దున పాలాయన వచ్చి వెళ్లాక ఆమె పోయింది. ఇవాళ్టికి పదో దినం.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే స్వప్న రాస్తోంది. ఒక్క మాట మార్చినా నాకు తెలుస్తుంది, ఎందుకంటే నాలుగు మాటలకోసారి చదివించుకుంటున్నాను. రేపు పదకొండో దినం భోజనాలకు వచ్చేవాళ్లకు ఆమె ఫోటోతో ఒక కాగితం పంచుతారట. ఇంటికి పెద్దదానివి, నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెప్తాను. అయితే అవి నాలుగే ఉండవు, అన్నీ మంచివీ కావు.

ఆ పొద్దున మా మరిది అరుపు విని పైనుంచి దిగాను. నేను దిగేసరికి అందరూ ఆమె చుట్టూ చేరి ఉన్నారు. నాకు దమ్ము ఆగడం లేదు. గోడ పట్టుకుని నిలబడి ఆమె ముఖం చూశాను. దగ్గు లేదు, ఎగపోత లేదు, నుదుటి మీద ముడత కూడా లేదు. ఎంత నిమ్మళంగా పడుకుంది! నలభై ఎనిమిదేళ్లు ఆ ముఖం చూసి కుళ్లుకున్నాను. ఆ పొద్దున కూడా కుళ్లుకున్నాను. దీనికి ముందే అయిపోయింది, నాకింకా మెట్లు మిగిలాయి అనుకున్నాను.

ఆమె నాకంటే మూడేళ్లు వెనక ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. వచ్చిన మొదటి పండక్కే మా అత్త ఆమెకు పసుపు అంచున్న ఆకుపచ్చ చీర పెట్టింది. నాకు పెట్టింది కూడా కొత్తదే, కానీ ఆకుపచ్చది కాదు. ఆ చీర కట్టుకుని ఆమె వాకిట్లో తిరుగుతుంటే నాకు అన్నం సహించేది కాదు. ఎన్నేళ్లు కట్టింది ఆ చీరను! ఉతికి ఉతికి వెలిసినా నా కంటికి మాత్రం కొత్తగానే ఉండేది.

ఇంకొకటి నెయ్యి. వెన్న కాచడంలో ఆమెను మించినవాళ్లు మా చుట్టాల్లో లేరు. పొయ్యి మీద పెట్టి, వెనక పెరట్లో గిన్నెలు తోముకుంటూ, అక్కడి నుంచే, "అయింది, దించుండ్రి," అనేది. వచ్చి చూస్తే సరిగ్గా అప్పుడే అయి ఉండేది. "ముక్కు చెప్పేదాక మంట ముట్టొద్దక్కా," అనేది నాతో. నేను కాస్తే పచ్చిగా ఉండేది, లేదంటే అడుగంటేది. మా అత్త పెద్ద చెంబు నాకిచ్చి నీళ్లు తెమ్మనేది, వెన్న గిన్నె ఆమెకిచ్చేది.

పొలం గోదాముల వాళ్లకు పోయాక ఈ ఇల్లు కట్టుకున్నాం. పై అంతస్తు కోసం నేను కొట్లాడాను. గాలి పైనే వస్తుంది కదా, అది ఆమెకెందుకు పోవాలి? "నేను పెద్దదాన్ని. పైన నేనే ఉంటా," అన్నాను. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "ఉండక్కా. నాకు గాలి కంటె గేటు కాడ ముచ్చట్లే ఇష్టం," అంది. అడిగింది దక్కినా నాకు గెలిచినట్టు అనిపించలేదు.

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఎండాకాలంలో మా ఇద్దరికీ ఒకే వారం వచ్చింది. పై గదిలో ఇద్దరినీ పెట్టి, అన్నం గిన్నెలు మెట్ల మీద పెట్టి పోయేవాళ్లు. బతికి లేచాం. నాకు తగ్గిందని అందరూ అనుకున్నారు. ఆమెకు తగ్గలేదు. వాన పడితే జ్వరం, చలి పెడితే దగ్గు, ఎండ ముదిరితే కళ్లు తిరగడం. నాలుగు అడుగులు వేస్తే దమ్ము. కాళ్లు గుంజుడు. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడేవి. మనవడి పేరు మరిచిపోయి, "అగో, గా పిల్లగాడు," అనేది. పది రోజులు బాగుంటే ఇరవై రోజులు మంచంలో ఉండేది.

ఇక చూడండి ఆ మర్యాదలు. కొంపల్లి నుంచి ఒకరు కొబ్బరి బొండాలతో, దూలపల్లి నుంచి ఒకరు బత్తాయిలతో వచ్చేవాళ్లు. గేటు తీసుకుని నేరుగా ఆమె గదికే. పోయేటప్పుడు తల పైకెత్తి, "పెద్దమ్మా, మంచిగున్నవా? నీకేంది, ఉక్కు మనిషివి!" అని పోయేవాళ్లు. నా సొంత కోడలు నా ముందు నుంచే జొన్న గట్క గిన్నె పట్టుకుని కిందికి దిగేది.

"గదెవరికే?" అని అడిగాను ఒకసారి.

"చిన్నత్తమ్మకు. నోరు చేదుగుందన్నది."

"నాకు నోరు లేదా?"

"నీకేమైంది అత్తమ్మా, నువ్వు మంచిగనే ఉన్నవ్ గద!"

ఆ కోపంలోనే ఆ మాట పుట్టింది. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఆమె గురించి అడిగితే, "రోగం లేదు, నొప్పి లేదు. అన్ని నకరాలు," అన్నాను. నవ్వారు. సాయంత్రానికి ఆ మాట గల్లీ అంతా తిరిగింది. నెల తిరిగేసరికి పిల్లలు కూడా ఆమెను "నకరాలవ్వ" అన్నారు. ఆ పేరు పెట్టింది నేను. ఎవరో పెట్టారని ఇన్నాళ్లూ అనుకున్నవాళ్లు ఇప్పుడు తెలుసుకోండి.

నా సంగతి ఇప్పుడు చెప్తాను. నాకూ తగ్గలేదు. కరోనా వచ్చి లేచినప్పటి నుంచి నా ముక్కుకు ఏ వాసనా తెలియదు. పచ్చడి, పేడ, సబ్బు అన్నీ ఒకటే. మెట్లు పదిహేడు. ఎనిమిదో మెట్టు దగ్గర నా రొమ్ము పట్టేస్తుంది. అక్కడ ఆగి హైవే మీద లారీలు చూస్తున్నట్టు నిలబడేదాన్ని. ఎడమ మోకాలు రాత్రీ పగలూ గుంజేది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ముందు చెప్పింది ఆమె. ఆమె వెనక నేను కూడా అంటే, ఆమెను చూసి నేర్చుకున్నానంటారు. అందంలో వెనక, నెయ్యిలో వెనక, చివరికి రోగంలో కూడా ఆమె వెనకేనా?

ఒక మధ్యాహ్నం కింద నుంచి పిలిచింది. "అక్కా! జర రా. నెయ్యి అయిందా చూడు, నా ముక్కుకు ఏం తెలుస్తలేదు."

నెయ్యి విషయంలో ఆమె నన్ను అడగడం అదే మొదటిసారి. ఎంత సంబరపడ్డానో! వెళ్లి గిన్నె మీదికి వంగాను. ఖాళీ గిన్నె మీదికి వంగినట్టే ఉంది. తెలియడం లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఇంకా గాలే. ఇంకింత కాగనియ్," అన్నాను.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. గేటు బయటి నుంచి స్వప్న ఉరికొచ్చింది. "ఏం మాడుతాంది అత్తమ్మా? ఇల్లంత కంపు!" నెయ్యి నల్లబడిపోయింది. మా మరిది వచ్చి, "ముక్కు పోయిందన్నవ్, ఇగ కండ్లు గూడ పోయినట్టున్నయ్," అని ఆమెను ఎగతాళి చేశాడు. అక్క చెప్తేనే ఉంచానని ఆమె అనలేదు. నన్ను ఒకసారి చూసి గిన్నె దించింది.

నాలుగు రోజులకు తానే పైకి వచ్చింది. మూడుసార్లు ఆగి, దగ్గుతూ, చేతిలో మూత పెట్టిన డబ్బాతో. నాకు చూపు కూడా మసకే.

"అక్కా, మళ్ల గాచిన. ఎట్లున్నదో చెప్పు."

మూత తీసి ముక్కు దగ్గర పెట్టింది. ఈసారి ఆమెను మెచ్చుకుని పంపేద్దామనుకున్నాను. "అబ్బ, కమ్మగున్నదే! ఈసారి మంచిగ గాచినవ్."

మెల్లగా మూత పెట్టింది. "అక్కా, ఇది ఆముదం."

నేను కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

"ఎన్ని దినాలసంది?" అని అడిగింది.

"నీ సంగతి నువ్వు చూసుకో."

"దమ్ము గూడ వస్తాందిగదా? మెట్ల నడుమ నిలబడి లారీలు సూస్తవ్. నీకు లారీలతోని ఏం పని?"

"నోరు మూస్కో. ఎవ్వరికన్న చెప్పినవంటే నీ గడప తొక్క."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. గోడ పట్టుకుని, దగ్గు తగ్గాక అంది. "నేనెందుకు చెప్త? నాకు మస్తున్నయి రోగాలు. నీయి గూడ నా మీదనే ఏసుకుంట. ఎట్లగైన నకరాలదాన్నేనాయె."

ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకు తెలుసు. తెలిసీ ఆ మాట అంది. నాకు సిగ్గు వేయాలి కదా? మొదట కోపమే వచ్చింది. ఇందులో కూడా నాకంటే పెద్ద మనసు చూపించి పోతోంది కదా అని.

మూడో రోజు మెట్ల మలుపులో ఒక చెక్క స్టూలు వచ్చింది. "అక్కను చూడబోతే నడుమ దమ్మొస్తాంది. కూసునేతందుకు పెట్టించుకున్న," అని అందరికీ చెప్పింది. తర్వాత ఆమె పైకి వచ్చింది ఎన్నిసార్లు? ఒక చేతి వేళ్లు చాలు. "ఎక్కని మెట్లకు స్టూలెందుకమ్మా, నకరాలు గాకపోతే!" అని పక్కింటివాళ్లు నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. వాళ్లు పోయాక, ఎవరూ లేనిది చూసుకుని, పోయి కూర్చున్నాను. అప్పటి నుంచి రోజూ కూర్చున్నాను.

మేడ్చల్ డాక్టరు దగ్గరికి స్వప్న ఆమెను నెలనెలా తీసుకెళ్లేది. తిరిగొచ్చాక మెట్ల కింద నిలబడి, మరిచిపోకుండా వల్లె వేసుకుంటున్నట్టు గట్టిగా చెప్పుకునేది. "ఒక్కటేసారి ఎక్కొద్దంట! రెండు మెట్లకోపాలి ఆగాలెనంట! పెదవులు సున్న లెక్క పెట్టి గాలి ఊదాలెనంట! పొద్దున సాయంత్రం లవంగాలు వాసన సూడాలెనంట!" కిందివాళ్లు ఇదేం అరుపు అనేవాళ్లు. పైన నేను పెదవులు సున్నా పెట్టి ఊదేదాన్ని. దమ్ము కొంచెం నిలిచేది.

లవంగాలు ఇద్దరం చూశాం. కొన్ని నెలలకు ఆమెకు వాసన తెలిసింది. సంబరంగా పిలిచి చెప్పింది. నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇక్కడ స్వప్న కలం ఆపింది.

"పెద్దత్తమ్మా," అంది, "డాక్టర్ ముందర అత్తమ్మ ఒక నెల కుడి మోకాలనేది, ఒక నెల ఎడమ మోకాలనేది. ఒకసారి వాసన తెలుస్తాందనేది, మళ్ల తెలుస్తలేదనేది. ఒక్క మనిషికి ఇన్నెట్ల ఉంటయమ్మా అని ఆయన నవ్విండు. నేను గూడ నకరాలే అనుకున్న. ఇంటికొచ్చి అందరికి చెప్పిన." నా కాళ్ల వైపు చూసింది. "నీకు గుంజేది ఏ మోకాలు?"

"ఎడమది," అన్నాను. "రాయి."

రాసింది.

చివరి జ్వరం సోమవారం వచ్చింది. దవాఖానకు తీసుకుపోదామా అని కింద అనుకుంటుంటే పై నుంచి నేనే అన్నాను. "దానికి నెలకోపాలి ఉండేదే. రెండు దినాల్ల తగ్గుతది." పెద్దదాని మాట అని ఆగారు. గురువారం పొద్దుగూకే వేళకు ఊపిరి తీరు మారింది. తెల్లారి పోదామనుకున్నారు. ఆపింది నా మాట. దవాఖానకు పోతే మళ్లీ బొండాలు, బత్తాయిలు, చుట్టాలు అన్న కుళ్లు కూడా ఆ మాటలో ఉంది. ఇది కూడా రాయమన్నాను. రాసింది, చదివి వినిపించింది. వింటున్నప్పుడు తల దించలేదు నేను.

ఇప్పుడు నా వాదన. పోయినవాళ్ల మంచం, పరుపు, బట్టలు పదకొండో దినం ఇంట్లోంచి ఇచ్చేస్తారు. ఇవాళ పొద్దున వాటితో పాటు స్టూలు కూడా తీసి గేటు దగ్గర పెట్టారు. వద్దన్నాను. "అమ్మ వాడింది పెద్దమ్మా, ఇంట్ల ఉంచొద్దు," అన్నాడు ఆమె కొడుకు. ఆమె దాని మీద కూర్చోలేదు. వాడింది నేను. బతికున్నదాని వస్తువును పోయినదాని పేరు మీద ఎలా ఇస్తారు? స్టూలు నాది. నా దమ్ము నాది. నా మోకాలు నాది. ఆమె మీద వేసినవన్నీ నేను తిరిగి తీసుకుంటున్నాను. రేపు వడ్డన దగ్గర ఎవరైనా "నకరాలవ్వ" అంటే విస్తరి ముందు నుంచి లేపుతాను.

ఇదంతా చెప్పడానికి గేటు దాకా పోయాను. స్టూలును తలకిందులు చేసి పరుపు మీద పెట్టారు. నాలుగు కాళ్లూ పైకి ఉన్నాయి. నాలుగింటికీ కింద బట్ట పీలికలు చుట్టి, దారంతో గట్టిగా కట్టి ఉన్నాయి. ఇన్నేళ్లు దాని మీద కూర్చున్నాను, జరిపితే కిర్రుమనదేమిటని ఒక్కసారీ అనుకోలేదు. దొంగచాటుగా కూర్చునేదానికి చప్పుడు కాకూడదని కట్టింది. వంగి చూశాను. నా మసక చూపుకు కూడా తెలిసింది. ఆకుపచ్చ. ఒక కాలికి పసుపు అంచు ముక్క.

నలభై ఎనిమిదేళ్లు కుళ్లుకున్న చీరను చింపి నా స్టూలు కాళ్లకు కట్టి పోయింది. దీనికి బదులు నేనేం ఇవ్వగలను? ఇక ఎవరికి ఇవ్వగలను?

స్వప్న స్టూలు ఎత్తుకుని మలుపులో మళ్లీ పెట్టింది. ఈ కాగితమంతా దాని మీద కూర్చునే చెప్పాను, అందరూ చూస్తుండగా. మల్లేశు సంతకం పెట్టడానికి వచ్చి ఒక్కటే అడిగాడు. "ఎన్ని దినాలసంది అమ్మా?" నేను పెదవులు సున్నా పెట్టి గాలి ఊదాను. ఇంకా ఎనిమిది మెట్లు ఉన్నాయి. లేచి స్టూలును గోడ వైపు జరిపాను. చప్పుడు కాలేదు.

బాలమణి, ఎడమ బొటనవేలి ముద్ర
రాసి, చదివి వినిపించినది: స్వప్న, కిందింటి కోడలు
సాక్షులు: మల్లేశు (కొడుకు), లక్ష్మమ్మ (పక్కింటి మనిషి, స్టూలును చూసి నవ్వినవాళ్లలో ఒకరు)