పడమటి గట్టు

నిన్న పొద్దున మా ఊళ్ళో పూరీ గేట్ దగ్గర బాట పక్కనున్న వయ్యారిభామ మొక్కను పీకాను. వాన తడికి వేరుతో సహా వచ్చేసింది. చేతికంటిన ఆ చేదు వాసనకి మరియమ్మత్త గుర్తొచ్చింది. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో కడిగినా వాసన పోలేదు, దురదా తగ్గలేదు.

మరియమ్మత్త బెంగాలీల ఈ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో మా పక్కింటావిడ. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యాక, ఊరి చివర మలంచా అవతల ఒక బెంగాలీ రైతు దగ్గర చిన్న నేల చెక్క కౌలుకు తీసుకుని వేరుశనగ వేసేది. సిక్కోలు నుంచి వచ్చిన వాళ్ళ తాతల పంట అది. తన చేతిలో ఆగిపోకూడదని ఆవిడ పట్టుదల. వరసగా రెండేళ్ళు కాండంకుళ్ళు తెగులొచ్చి చిగుళ్ళు మాడిపోయాయి, కాయ పట్టలేదు. మూడోసారీ పోతే నేల వేరేవాళ్ళకిస్తానని ఆ రైతు చెప్పేశాడు.

ఆ ఏడు నన్నూ పొలానికి తీసుకెళ్ళింది. అప్పటికి నేను పెళ్ళై కొత్తగా ఈ ఊరొచ్చి, ఇంట్లో ఒక్కదాన్నే ఏడుస్తూ కూర్చునేదాన్ని. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న ఒత్తుగా వేయించింది.

"ఏటత్తా, సెనక్కాయ సేలో జొన్నేటి?" అన్నాను.

"కంటికి ఆనని పురుగులు గాలికి ఎగురుకుంటా వస్తాయమ్మీ. జొన్న అడ్డముంటే ఆగుతాయి. ఈ తెగులు పట్టినాక మందు నేదు. రాకుండా సూసుకోడమే."

గట్ల మీది వయ్యారిభామను పూత పట్టకముందే పీకెయ్యాలంది. రోగం ఆ పుప్పొడిలోనే ఉంటుందట, పురుగులతో పాటు ఆకుల మీదికి చేరుతుందట. పడమటి గట్టు నాకప్పగించింది.

ఆ మొక్క తగిలితే నాకు దద్దుర్లు. రేపు, ఎల్లుండి అంటూ బద్ధకించాను. "అయిపోనాదా?" అని అడిగితే "అయిపోనాదత్తా" అనేశాను. కొన్నాళ్ళకు తెల్లపూలు కనబడేసరికి భయమేసి, ఆవిడ లేని పూట గబగబా పీకి, చేలోంచే ఈడ్చుకెళ్ళి పారేశాను. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ముందు పడమటి సాళ్ళలోనే చిగుళ్ళు మాడాయి. చివరికి చేను చాలావరకు పోయింది. ఇక దాచలేక ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ నా చేతులు తిప్పి చూసింది.

"సేతులు మండుతున్నాయని ముందే సెప్పుంటే గుడ్డ సుట్టుదును కదే," అంది.

నాలుగు తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ రైతు అన్నంత పనీ చేశాడు. నేల అప్పగించే రోజున పార, తట్ట తెచ్చుకోవడానికి వెళ్తే, ఆవిడ చేతులకు పాతచీర పీలికలు చుట్టుకుని పడమటి గట్టు మీద కూర్చుంది. కొత్తగా మొలిచిన వయ్యారిభామను ఒక్కొక్కటే పీకుతోంది.

"ఇంకేటికత్తా? నేల మనది కాదు కదా."

"గట్టవతల పక్కసేను బెంగాలీ దాదా సెనక్కాయలేసినాడు. సూడనేదేటి?" అంది తలెత్తకుండా. ఇంకో రెండు పీలికలు నాకందించింది.

ఆవిడ మళ్ళీ వేరుశనగ వెయ్యలేదు. పోయి నాలుగేళ్ళయింది. నాకు సెంటు నేల లేదు. అయినా వానలు పడ్డాక, తెల్లపూలు రాకముందే, దారి పక్కల ఆ మొక్కలు పీకుతూ పోతాను. ఆవిడిచ్చిన పీలికలు సంచిలోనే ఉంటాయి. చుట్టుకోవడానికి మాత్రం ఇంకా మనసొప్పదు.