వేరుశనక్కాయల ఓటు

మా ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది, పల్లెకు సమానత్వం తెచ్చిన మనిషి అన్నారు. అది సగమే నిజం. మిగతా సగం ఆయనే నవ్వుతూ చెప్పుకొనేవారు. అందుకే రాస్తున్నాను.

అరవైల మొదట్లో, బోగోలుకు తూర్పున సముద్రం దగ్గరి మా పల్లెలో సహకార వ్యవసాయ సంఘం ఉండేది. సర్కారు ఇచ్చిన ఇసుక నేలలో అందరం కలిసి వేరుశనగ వేసేవాళ్లం. ఆయన ప్రెసిడెంటు. సోషలిజం మీద దొరికిన పుస్తకమల్లా చదివేవారు, నాకూ ఇచ్చేవారు. అయినా పంట పంచేటప్పుడు మగవాళ్లకు గంప నిండా కాయలు, అదే పని చేసిన ఆడవాళ్లకు అరగంప. పెద్దలు పెట్టిన పద్ధతి. మా పక్కింటావిడకు భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆ అరగంపే ఆమె ఇల్లంతటికీ.

ఆ ఏడు కాయలు పీకేముందు ఆయన ఆమెను పిలిచారు.

"ఈసారి అందరికీ సమానం అమ్మా. ప్రెసిడెంటును నేనే గదా, రాసిపడేస్తా."

"వద్దన్నా. నువ్వు రాస్తే నీ తరవాత వచ్చేటోడు కొట్టేస్తాడు. ఓటు పెట్టు."

"పెడితే ఓడిపోతావు. మీ ఆడోళ్లు మామల ముందర చెయ్యెత్తుతారా?"

"ఎత్తం. మొన్న ఎలక్షన్లో గోనెపట్టా కట్టి చాటుగా ఏయించినారే, అట్ట కట్టు."

"మనలో మనకు చాటేంది?"

"నువ్వెప్పుడన్నా కోడలుగా ఉన్నావా అన్నా, తెలిసేదానికి!"

నేను లోపల్నుంచి పకపకా నవ్వాను. ఆయన భయమూ నిజమే. సంఘంలో మగవాళ్లే ఎక్కువ. ఓడితే ఆమెకు అరగంపే ఖాయమైపోతుంది. అయినా ఒప్పుకున్నారు.

మా పల్లెలో అందరం కూడే చోటు చర్చే. ఆదివారం ప్రార్థన అయ్యాక అక్కడే ఒక మూలన గోనెపట్టా కట్టాం. దాని వెనక రెండు కుండలు. కొత్తదాంట్లో వేస్తే సమానం, పాతదాంట్లో వేస్తే పాత పద్ధతి. మనిషికొక వేరుశనక్కాయ, అదే ఓటు.

అందరికంటే పెద్దాయన లోపలికి పోయి ఎంతకీ రాలేదు.

"ఏం మామా, నిద్రపోయినావా?" అని ఎవరో అరిచారు.

"లేదబ్బయ్యా, చేతిలో ఉంటే నమిలేసినా. ఇంకోటియ్యండి."

చర్చి అంతా నవ్వింది. మా ఆయన మాత్రం నిజంగానే ఆలోచించి, "తొక్క చూపించు" అన్నారు. చూసి, ఇంకోటి ఇచ్చారు.

కుండలు గుమ్మరించాం. కొత్త కుండే గెలిచింది. మగవాళ్లు కూడా కొందరు అందులో వేశారన్నమాట. ఆయన పొంగిపోయి, "ఎవరయ్యా ఆ మారాజులు? లేచి నిలబడండి!" అన్నారు.

మగవాళ్లెవరూ లేవలేదు. పక్కింటావిడ లేచింది.

"అడగకూడదన్నా. చాటున ఏసినారు."

ఆయన నవ్వేసి కూర్చున్నారు. పంపకాలనాడు ఆమె గంపను తానే ఎత్తిపెడుతూ, మోయగలవా అని అడిగారు.

"ఇన్నాళ్లు మీ మగోళ్ల గంపలు ఇండ్లకు మోసిందెవరనుకుంటివి?" అని ఆమె వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

రెండేళ్లకు అదే పట్టా చాటున మా ఆయన్ని దించేశారు. కొత్త ప్రెసిడెంటు మళ్లీ అరగంప మాట ఎత్తాడు. ఓటుతో వచ్చింది మార్చాలంటే మళ్లీ ఓటు పెట్టాల్సిందేనంటూ ఆడవాళ్లు చేతులెత్తారు, పట్టా లేకుండానే, మామల ముందరే. అతను ఆ మాట వదిలేశాడు. వెనక వరసలో మా ఆయన ఒక్కరే చప్పట్లు కొట్టారు.