ఏటవాలు మీద జానెడు రేగడి

మీ అపార్ట్‌మెంట్‌లో ఒక మొక్క ఎండిపోతే మీరు ముందు దేన్ని చూస్తారు, దాని కింది మట్టినా, దాన్ని నాటిన మనిషి నుదుటినా?

మా వాళ్ళు నుదుటినే చూశారు. ఆ సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

పుప్పాలగూడలో మా టవర్ల వెనక ఒక గుట్ట ఉండేది. దాన్ని నడిమికి కోసి రోడ్డు వేశారు. ఇప్పుడక్కడ రెండు నిటారు గట్ల మధ్య ఒక లోయ ఉంది. అవతలి గట్టున గాజు ఆఫీసు, ఇవతలి గట్టున మేము. మధ్యాహ్నం నుంచి ఎండ ఆ గాజు మీద పడి మా వాలు మీదికి తిరిగొస్తుంది. చెప్పులున్నా కాళ్ళు చురుక్కుమంటాయి. వాన పడితే చుక్క నిలవదు, అంతా కింద రోడ్డు మీదికి పోతుంది. బాల్కనీల్లోంచి చూస్తే కంటికి ఇంపుగా ఉండాలని ఆ వాలును పచ్చగా చేయాలనే కోరిక మా కమిటీకి పుట్టింది. చేవెళ్ళ అవతలి నుంచి టిప్పర్లలో నల్లరేగడి తెప్పించి, పెనం మీద దోసె పిండి తిప్పినట్టు ఆ బండ మీద పలచగా పరిచారు.

మా మాలి నలభై దాటిన మనిషి, భర్త పోయాక వికారాబాద్ దిక్కు నుంచి వచ్చి నార్సింగిలో ఒక గది కిరాయికి తీసుకుంది. టిప్పర్లు ఖాళీ చేస్తున్న రోజు ఆమె ఒక మట్టిగడ్డ తీసి వేళ్ళ మధ్య నలిపి నవ్వింది.

"గిది మా దిక్కు మన్నే మేడమ్. మా వాగు పక్క గుట్టలకు గిట్లనే ఉంటది. మీద జానెడు మన్ను, కింద నల్లరాయి."

"మరి మంచిదేగా?"

"చదునుల మంచిదే. ఏటవాలుకు నిలువదు. ఎండకు నెర్రెలిస్తది, వానకు జారుతది. అడ్డంగ రాళ్ళ వరసలు పేర్చాలె. తంగేడు పెట్టాలె, సీతాఫలం పెట్టాలె. సార్లేమో లాన్ అంటుండ్రు."

"చెప్పకపోయావా?"

"చెప్పిన. 'నువ్వు ఇంజనీరువా?' అన్నరు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎప్పుడో భూమి చీలి పారిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. ఆ రాయే అరిగి రేగడి అయింది. చదునులో అది లోతుగా పేరుకుంటుంది. నిటారు వాలు మీద అరిగింది అరిగినట్టే కొట్టుకుపోతుంది, ఎన్ని యుగాలైనా ఆ పొర మందం పెరగదు. ఆ పలచటి పొరలో దాహంతో బతకడం నేర్చిన మొక్కలే అక్కడ బతుకుతాయి. ఇది తెలియడానికి ఆ గుట్టల దగ్గర పుట్టినా చాలు, ఒక పుస్తకం తిరగేసినా చాలు. మా కమిటీలో ఈ రెంటిలో ఏ ఒక్కటి చేసినవాళ్ళూ లేరు.

ఆమె ఒక మూల పేర్చిన రాళ్ళ వరసలు చూపుకు బాగాలేవని తీయించారు. లాన్ పరిపించి, పామ్ మొక్కలు నాటించారు. గుంతలు తీసిందీ, మొక్కలు నిలబెట్టిందీ, నీళ్ళు పోసిందీ ఆమె. ఏప్రిల్‌కల్లా లాన్ చాపలా చుట్టుకుపోయింది, పామ్‌లు చీపుళ్ళయ్యాయి.

కమిటీ అధ్యక్షుడు వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఆయన పరీక్ష పేరుమోసింది. మూరెడు గొయ్యి తీసి, తీసిన మన్ను మళ్ళీ అందులోనే పోస్తాడు. మన్ను మిగిలితే నేల మంచిది, తక్కువైతే చెడ్డది. తవ్విన మన్ను గుల్లబారి ఎక్కువ కనిపిస్తుందని డబ్బాలో పిండి పోసిన వాళ్ళందరికీ తెలుసు. పైగా ఆయన గొయ్యి తీసింది వాలు మీద కాదు, గేటు పక్క చదునులో. మన్ను మిగిలింది.

"నేలలో దోషం లేదు సార్. నాటిన చేతిలో ఉంది. హస్తవాసి ముఖ్యం."

సాయంత్రానికి అధ్యక్షుడు గ్రూపులో సందేశం పెట్టాడు. మాలిని మారుస్తున్నామని, శుభానికి పనికిరాని చేత్తో నాటించడం వల్లే నష్టం జరిగిందని. నేను ఆఫీసులో ఏదో కాల్‌లో ఉండి, మొదటి వాక్యం మాత్రం చూసి బొటనవేలు బొమ్మ పెట్టాను. అన్నం ముందు కూర్చుని కూడా రుజువేదని తగువాడుకునే ఇంట్లో పెరిగినదాన్ని, ఆ రోజు మాత్రం అడగలేదు. మిగతా వాక్యం ఇంటికొచ్చి చదివాను. అప్పటికి ఆమెను పంపించేశారు. నా పగలో మొదటి వాటా నాకే చెందుతుంది.

నార్సింగిలో కడుతున్న ఒక భవనం దగ్గర ఆమె ఇటుకలు మోస్తూ కనిపించింది. మళ్ళీ పనిలో పెట్టిస్తానన్నాను.

"పని వద్దు మేడమ్. ఆ మెసేజ్ పక్క టవర్లకు పోయింది, ఆడికెల్లి ఇంకోదానికి పోయింది. మొక్కల పనికి యాడికి పోయినా 'గామెనేనా?' అంటుండ్రు. ఆ మాట వాపస్ తీస్కొమ్మనుండ్రి. గదొక్కటి చాలు." తట్ట ఎత్తుకుంటూ ఆగింది. "నా చెయ్యికి గంత పవరే ఉంటే ముందుగాల్ల మా మేస్త్రి మీద పెడుదును గదా!"

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొత్త మొక్కల సంగతి వచ్చేదాకా కాచుకున్నాను. సమావేశంలో లేచి, ఈసారి పండితులవారి పరీక్ష అందరి ముందూ జరగాలని నేనే ప్రతిపాదించాను. నాకు బుద్ధి వచ్చిందనుకుని చప్పట్లు కొట్టారు.

ఆదివారం అందరం వాలు దగ్గరికి చేరాం. నేను గడ్డపార తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను.

"ఇక్కడ తవ్వండి స్వామీ, మూరెడు."

"కూలివాడు లేడా అమ్మా?"

"హస్తవాసి ముఖ్యమన్నారు కదా. మీ చెయ్యే మంచిది."

ఒక్క పోటు వేశాడు. జానెడు దిగకముందే ఠంగుమంది. పక్కన వేశాడు, ఠంగు. పైకి తీసుకెళ్ళాను, ఠంగు. పట్టు లాల్చీ వీపుకు అంటుకుపోయింది. రెండో అంతస్తు పెద్దాయన అడిగాడు: "పంతులుగారూ, జానెడే దిగితే సగం దోషమాండి?" జనం గొల్లుమన్నారు.

"ఇక్కడ శిలా దోషం ఉందమ్మా," అన్నాడు ఆయన రొప్పుతూ.

"అయితే దోషం నేలలోనా, ఆమె చేతిలోనా? రెండూ ఉంచుకోవడానికి వీల్లేదు. ఒకటి ఎంచుకోండి."

ఆయన లాల్చీ కొసతో ముఖం తుడుచుకున్నాడు. ఇంకో చోటు చూపించాను. నాకు జాలి కలగలేదు. ఆ ప్రతి చప్పుడూ నాకు తియ్యగా వినిపించింది.

అధ్యక్షుడు అడ్డొచ్చాడు. "ఇంక వదిలేయండి మేడమ్, ఎండగా ఉందండి."

"ఆమె పనిచేసింది కూడా ఈ ఎండలోనే సార్."

ఆ రోజు మినిట్స్‌లో మట్టి లోతు చాలలేదని రాశారు. ఆమె తప్పు లేదని కూడా రాయండి, ఆ సందేశం తప్పని గ్రూపులో పెట్టండి అన్నాను. "అదంతా ఇప్పుడెందుకండి, ఆమె ఎలాగూ వెళ్ళిపోయింది కదా," అన్నాడు అధ్యక్షుడు. మట్టి తప్పు ఒప్పుకోవడం వాళ్ళకు కష్టం కాలేదు. ఒక కూలి మనిషి ముందు తమ తప్పు ఒప్పుకోవాలంటే నోరు పెగల్లేదు. ఈ మధ్యే వాలు మీద రాళ్ళ వరసలు పేర్పించారు, తంగేడు కూడా పెట్టించారు. ఆమె ఇంకా ఇటుకలే మోస్తోంది. నేను ప్రతి సమావేశంలో మొదట లేచి అదే అడుగుతున్నాను. నన్ను చూడగానే కుర్చీలు కదులుతాయి. కదలనివ్వండి.

మీ దగ్గర కూడా ఒకామె ఇలాంటి మాట పడి గేటు దాటిపోయే ఉంటుంది. ఆమె ఎవరో మీకు తెలుసు. ఈ ఆదివారమే వెళ్ళి ఆమెను పిలుచుకురండి. ఆ మాట అన్నవాణ్ణి అందరి ముందూ, ఆమె ఎదురుగా నిలబెట్టి రుజువు అడగండి. లేదంటే తప్పయిందని గట్టిగా చెప్పించండి. చెప్పేదాకా మీరు అక్కణ్ణుంచి కదలకండి.