సూరీడి గుర్రాలు, మా కోడె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ భయపడని మనిషి ఒక్కతే, మా మేనత్త. జబ్బు చేసి పసితనంలోనే ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతుల మీద జరుగుతూ వాకిలంతా తిరిగేది. జాలిపడేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మంట.

ఆ ఏడు మా ఎర్ర కోడెకు కాడి అలవాటు చెయ్యాలి. ముసలెద్దు పక్కన కడితే చాలు, ఎగిరి దూకి తాడు తెంచుకునేది. తాతయ్య కొట్టినకొద్దీ మొండికేసింది. ఏరువాక పున్నానికి దుక్కిలో నడవకపోతే సంతకు తోలేస్తానన్నాడు. పుట్టింది మొదలు నా చేత్తో గడ్డి తిన్న దూడ అది. నాకు అన్నం సయించలేదు.

అరసవల్లి నుంచి తెచ్చిన సూర్యుడి పటం మా గోడకు ఉండేది, ఏడు గుర్రాల రథం, ముందు కూర్చుని తోలేవాడితో సహా. దాన్ని చూపించి ఏడుస్తూ అడిగాను.

"అత్తా, మన కోడే లొంగనేదు. ఆ ఏడు గుర్రాల్ని ఎవులు మాలిమి సేసారే?"

"ఆకలుంటే ఏదైనా మాలిమవుతాదే. రెక్కల గుర్రమైనా మేత దొరికే సోటికే దిగుతాది. ఆ తోలీవోడ్ని సూడు, నాలాగే కాళ్లు నేవు. గుర్రాలెనకాల పరిగెట్టాడేటి? కూకున్నాడు. అయ్యే వచ్చుంటాయి."

మర్నాడు ఆమె కోడె గుంజ దగ్గర చేరింది.

"ఒసే, తన్నేస్తాది, లెగు!" అని తాతయ్య కేక వేశాడు.

"లెగిసీ కాళ్లుంటే ఇక్కడెందుకు కూకుంతాను నాన్నా?" అంది.

ఒళ్లో తవుడు పళ్లెం పెట్టుకుని, కోడెకేసి చూడకుండా కూర్చునేది. మొదట్లో అది వెనక్కి గుంజుకునేది. కొన్నాళ్లకు ఆమె ఒళ్లో మూతి పెట్టింది. అప్పుడు అత్త దాని మెడ మీద తడి తువ్వాలు వేసింది. తర్వాత కావిడి బద్ద. ఆ తర్వాతే కాడి. మెడ మీద బరువు పడిన ప్రతిసారీ మూతి ముందు తవుడుండేది.

పున్నం పొద్దున కాడి కట్టగానే కోడె బిగుసుకుంది. తాతయ్య కర్ర ఎత్తాడు. అవతలి గట్టున మా నాన్న ఎత్తుకొచ్చి కూర్చోబెట్టిన అత్త, పళ్లెం మీద వేళ్లతో టకటక కొట్టింది. కోడె చెవులు నిక్కబొడుచుకుని, నాగలి ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికి నడిచింది. నాగటి చాలు వంకరగానే వచ్చింది. అయితేనేం, తాతయ్య చేతిలో కర్ర దిగింది. సంత మాట మళ్లీ ఎత్తలేదు.

నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకోబోతే అవీ నాకు లొంగలేదు. అత్త పళ్లెంలా పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటే వచ్చాయి.

ఆ పటం ఇప్పుడు నా ఇంట్లో ఉంది. అందరూ సూర్యుడికి దణ్ణం పెడతారు. నేను మాత్రం ముందు ఆ తోలేవాడికి పెడతాను.