ఎనిమిది మధ్యలో మనిషి

మా అత్తది ఒకటే మాట. "బాయి దిగేటోనికి నా బిడ్డను పంప. పైన నౌకరి జూస్కో, అప్పుడొచ్చి తోల్కపో."

మా దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటారు. నేను అందులో బొగ్గు ఎత్తేవాణ్ణి. అత్త తమ్ముడొకడు ఏదో బాయిలో కాలు పోగొట్టుకుని వచ్చాడు, అందుకని ఆమెకు ఆ పేరు వింటేనే దడ. నా భార్య తన చెల్లెలి పురుడుకని మంథని దిక్కున్న తల్లిగారి ఊరికి పోయి, పురుడు అయిపోయినా తిరిగి రాలేదు. తీసుకురావడానికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ అత్త గుమ్మంలో నిలబడి ఆ మాటే చెప్పింది. నా భార్య తలుపు వెనక ఉంది. ఔననలేదు, కాదనలేదు. తల్లి మాటే ఆమె మాట అనుకుని నేను బస్సెక్కాను.

డెబ్బైల మొదటి రోజులవి. గోదావరిఖనిలో లేబర్ లైన్లలో నాకొక రేకుల గది ఉండేది. ఏడాది పాటు ఇద్దరం ఉన్న గది. ఆమె పోయాక ఆ గదిలోకి రావాలంటే కాళ్ళు వచ్చేవి కావు. డ్యూటీ దిగి, స్నానం చేసి, బజారంతా ఒక చుట్టు చుట్టి, ఇంక తిరగడానికి దారి మిగలనప్పుడు తాళం తీసేవాణ్ణి. అన్నం వండుకుని తిని రెండు కంచాలూ కడిగేవాణ్ణి. తిన్నది ఒక్కదాంట్లోనే. ఎందుకని అడగొద్దు, నాకూ తెలియదు.

మా లైన్లలోనే ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం కాక అనేవాళ్ళం. మొదట్లో పదేళ్ళు బాయిలో చేసి, తర్వాత పైకొచ్చి కంపెనీ జీపు నడిపేవాడు. ఒకరోజు నన్ను ఆపి చెప్పాడు. ఆఫీసు కాయితాలు ఒక బాయి నుంచి ఇంకో బాయికి మోటర్‌సైకిల్ మీద తీసుకుపోయే మనిషి రిటైరవుతున్నాడట. ఆ జాగాలోకి లోపల పనిచేసేవాళ్ళలోంచే ఒకణ్ణి తీసుకుంటారట. లైసెన్సు ఉండాలి.

"వానకాలం అయిపోయేలోపు లైసెన్సు తెచ్చుకో పిలగా. పెద్దసారుతోని నేను మాట్లాడుత. పొద్దున పోవుడు, పొద్దుగూకంగ ఇంటికొచ్చుడు. నీ అత్త గూడ నోరు మూస్తది."

నాకు సైకిల్ వచ్చు. మోటర్‌సైకిల్‌ను దూరం నుంచి చూడడమే. అయినా ఊ అన్నాను.

ఆఫీసు షెడ్డులో పడి ఉన్న పాత బండిని కాక అడిగి ఇప్పించాడు. అబ్బో, దాని పొగరు చూడాలి. కిక్కు కొడితే ఎదురు తన్నేది. మొదటి వారంలోనే నా పిక్క మీద కోడిగుడ్డంత బొప్పి కట్టింది. క్లచ్చు వదలడం రాక గేదెలాగా ఎగిరేది. లైన్ల వెనక ఖాళీ జాగా ఉండేది, మన్నంతా బొగ్గుపొడితో కలిసి నల్లగా. అక్కడ సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీసుకున్నాను. పరీక్షంటే అదే. కాలు కింద పెట్టకుండా ఆ ఎనిమిది మీద బండి తిప్పాలి, మలుపు దగ్గర చెయ్యి చాచి ఎటు తిరుగుతున్నామో చూపించాలి. ఆ కాలంలో బండ్లకు మలుపు లైట్లు ఎక్కడివి, అంతా చెయ్యే.

పొద్దటి షిఫ్టు చేసి మూడింటికి పైకొచ్చి, నాలుగింటికల్లా ఆ జాగాలో ఉండేవాణ్ణి. పొద్దుగూకేదాకా తిప్పుడే తిప్పుడు. చూసేవాడు లేడు, బాగుందనేవాడు లేడు, పడితే లేపేవాడూ లేడు. ఒక్కణ్ణే తిప్పుకుంటూ లోలోపల నా భార్యతో మాట్లాడుకునేవాణ్ణి. ఇదిగో కుడి దిక్కు తిరుగుతున్న, ఇదిగో ఎడమకు, గట్టిగ పట్టుకో, అని. పిచ్చి ముదిరిందనుకోండి. కానీ నెల తిరిగేసరికి ఎనిమిది ఎంత బాగా వచ్చిందంటే, సున్నం గీత మీద టైరు గుర్తు తప్ప పక్కన ఒక్క గుర్తు ఉండేది కాదు. కాక ఒకసారి రోడ్డు మీద జీపు ఆపి అంతదూరం నుంచే చూసి, "మంచిగనే తిప్పుతున్నవ్, ఇగ ఫికరేంది," అని వెళ్ళిపోయాడు.

పెద్దపల్లికి నెలకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు. లైసెన్సులిచ్చే అధికారిని అందరూ అట్లాగే అనేవాళ్ళు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. పదిమంది దాకా ఉన్నాం. ఆయన చేతిలో కాయితాల అట్ట పట్టుకుని ఎనిమిది నడుము దగ్గర, రెండు సున్నాలు కలిసేచోట, నిలబడ్డాడు. నా వంతు వచ్చింది. మొదటి సున్నా దర్జాగా తిప్పాను. నడుము దగ్గరికి వస్తుంటే ఆయన నా వైపు చూసి, "చెయ్యి చూపించు," అన్నాడు. అంతే. బండి వంకరపోయింది, కాలు కింద పడింది.

మంచివాడే, ఇంకోసారి తిప్పమన్నాడు. మళ్ళీ అదే చోటు, మళ్ళీ అదే మాట, మళ్ళీ కాలు కింద.

"ఏమయ్యా, నేనేమన్నా పులినా? నా దగ్గరికి రాగానే తల దించేస్తున్నావు. నువ్వు నేలను చూస్తే బండి నేలకే పోతుంది. వచ్చే నెల రా."

దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను. తల దించడమేంది, ఆయనకు కండ్లు కనబడవు అనుకున్నాను. వచ్చే నెలే ఆఖరు. అది కూడా పోతే ఆ నౌకరి ఇంకొకడికి పోతుంది, నా భార్య తలుపు వెనకే ఉండిపోతుంది. ఆ రోజు అన్నం కూడా వండుకోలేదు.

మర్నాడు కాకకు చెప్పాను. ఆయన కాసేపు బీడీ తాగి, "పా, బండి తియ్యి," అన్నాడు. ఆ నల్లమన్ను జాగాలో నా ఎనిమిది నడుము దగ్గర పోయి నిలబడ్డాడు. నేను తిప్పుకుంటూ ఆయన దగ్గరికి రాగానే, "ఏం కూర వండినవ్‌రా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పబోయాను. బండి పక్కకు వాలింది, నేను దాని కింద ఉన్నాను.

కాక నన్ను లేపడం మానేసి అక్కడే గొంతుక్కూచుని నవ్వాడు. "ఓరి కొడుకా. నువ్వింక బాయిలనే ఉన్నవ్‌రా. నా నెత్తి మీద లైటున్నదా? నీ నెత్తి మీదున్నదా?"

అప్పుడు అర్థమైంది. బాయిలోకి దిగేవాడి టోపీకి ముందర దీపం ఉంటుంది. తల ఎటు తిరిగితే వెలుగు అటు పోతుంది. ఎదుటి మనిషి ముఖంలోకి చూశావంటే వాడి కండ్లు బైర్లు కమ్ముతాయి, కాసేపటిదాకా వాడికేమీ కనబడదు. ఆ చీకట్లో, పట్టాల మధ్య, అది ప్రాణం మీదికి తెచ్చే పని. అందుకే కొత్తగా దిగినవాడికి మొదటిరోజే నేర్పుతారు, లైటు మొఖం మీద కొట్టకు అని. వినకపోతే టోపీ మీద ఒకటి తగిలిస్తారు. ఎవరైనా దగ్గరికొచ్చినా, మాట్లాడినా తల దించాలి. అది మర్యాద. నాకు అది ఎంత ఒంటబట్టిందంటే, నాలుగేళ్ళు నా పక్కన బొగ్గెత్తినవాడు బజార్లో ఎదురుపడితే, గొంతు వినేదాకా గుర్తుపట్టేవాణ్ణి కాదు. మేం ఒకరికొకరం గొంతులం, బూట్లం. అంతకంటే ఎక్కువ చూసుకోలేదు. పైకొచ్చాక టోపీ ఇచ్చేస్తాం గానీ మెడను ఎవరికి ఇచ్చేస్తాం? కాకలాంటివాళ్ళు పైన పదిమందిలో తిరిగి మరిచిపోయారు. నాకు పైన తిరగడానికి ఎవరున్నారు?

ఇక ఆ నెలంతా అదే కథ. డ్యూటీ దిగగానే కాక వచ్చి ఎనిమిది మధ్యలో నిలబడేవాడు. చుట్టుకొకటి అడిగేవాడు. ఇయ్యాల ఎన్ని టబ్బుల బొగ్గు నింపినవ్? జ్వరం తగ్గిందా, దవాఖానకు పోయినవా? నేను ఆయన ముఖం చూస్తూ చెప్పాలి, కాలు కింద పెట్టొద్దు. బండి తిప్పడం కంటే ఆ చూడటమే కష్టంగా ఉండేది. ఒంటి మీద బట్ట లేనట్టుండేది. పదిరోజులకు గానీ ఆయన ముఖం నా కంటికి ఆనలేదు. ఎడమ దవడ మీద నీలం గీత, ఎప్పుడో బొగ్గు కోసుకుని చర్మం లోపల ఉండిపోయిన మచ్చ. ఒక కనుబొమ్మ నెరిసి, ఒకటి నల్లగా. పక్కింటి మనిషి, నాలుగేళ్ళుగా రోజూ మాట్లాడుతున్న మనిషి, ఆ మచ్చ నేను అప్పుడే చూడటం. సిగ్గేసింది. చెప్పొద్దూ, ఏడుపు కూడా వచ్చింది. నా భార్య ఊరికి పోయాక నన్ను ఏం తిన్నవని అడిగిన మనిషి ఆయనొక్కడే, అదీ పరీక్ష కోసం.

ఆఖరి రోజుల్లో ఒకసారి, "కోడలికి ఉత్తరం రాసినవా?" అన్నాడు.

"రాయలే," అన్నాను ఆయన కండ్లలోకి చూస్తూ. బండి కదలకుండా చక్కగా పోయింది.

"ఇగ నువ్వు పాసే," అన్నాడు కాక.

పాసయ్యాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సంతకం పెడుతూ, "పోయినసారి నేలను చూశావు, ఈసారి నన్ను మింగేసేటట్టు చూశావు," అని నవ్వాడు. వారంలో ఆఫీసులో నౌకరి కాయితం చేతికొచ్చింది. సోమవారం నుంచి పైన పని. ఆదివారం కాక పూచీ మీద బండి అడిగి తీసుకుని, కడిగి తుడిచి, వెనక సీటు మీద దుప్పటి మడతపెట్టి కట్టి మంథని రోడ్డు పట్టాను. ఆ రోజు నా అంత మొగోడు ఈ లోకంలో లేడనుకున్నాను.

అత్తకు కాయితం చూపిస్తే చదవడం రాకపోయినా కండ్లకద్దుకుంది. కాళ్ళకు నీళ్ళిచ్చి, చాయ్ పెట్టాలని పాల కోసం పక్కింటికి పోయింది. నా భార్య వాకిట్లో చాటలో బియ్యం ఏరుతూ ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, చాట చేతిలోనే ఉంది.

"పైన నౌకరి దొరికింది," అన్నాను. "ఇగ బాయి లేదు. తయారు కా, పోదాం."

"బాయి సంగతి మా అమ్మది," అంది ఆమె మెల్లగా. "బాయి దిగొద్దని నేనెన్నడన్న అన్ననా?"

"మరేంది?"

"ఏడాది ఉన్న నీ ఇంట్ల. ఒక్కనాడన్న నా మొఖం జూసి మాట్లాడినవా? అన్నం పెడితే కంచంతోని మాట్లాడుతవ్. నీళ్ళిస్తే చెంబుతోని మాట్లాడుతవ్. నేను నచ్చలేదనుకున్న. నేను నచ్చనోని ఇంట్ల ఎన్ని దినాలుండాలె?"

ఒక్క మాట చెప్తే సరిపోయేది. దీపం సంగతి, టోపీ సంగతి, మెడకు అలవాటైన సంగతి. నెలరోజులు అదే నేర్చుకున్నవాణ్ణి నేను. కానీ నాకేమో ఒళ్ళు మండింది. ఆమె కోసమే పిక్కలు పగలగొట్టుకుని, రెండుసార్లు పెద్దపల్లికి తిరిగి, లైసెన్సు తెస్తే, దాని విలువ ఇంతేనా అనిపించింది.

"గిదా నీ కథ? గీ మాట చెప్పనీకి నన్ను గిన్ని తిప్పలు పెడితివా?" అన్నాను.

ఆమె కోపం కూడా లేకుండా, "ఇప్పుడు గూడ నువ్వు చాటనే జూస్తున్నవ్," అంది.

నిజమే. బియ్యం గింజలు కనబడుతున్నాయి, ఆమె వేళ్ళు కనబడుతున్నాయి. నేను తల ఎత్తేసరికి ఆమె లోపలికి తిరిగింది. అత్త చాయ్ తెచ్చింది. తాగాను. లోపలినుంచి ఎవరూ రాలేదు. బండి స్టార్టు చేసి వచ్చేశాను.

వారంలో తనే వస్తుందనుకున్నాను. వారం, నెల, చలికాలం అయిపోయాయి. పోయి అడగమని కాక అన్నాడు. నేనెందుకు పోవాలె, నౌకరి తెచ్చింది నేను కాదా అని మొండికేశాను. నా మొండితనం నన్ను ముంచిందని ఇప్పుడు ఎవరి ముందైనా ఒప్పుకుంటాను, అప్పుడు ఒప్పుకోలేదు. ఎండాకాలంలో పెద్దమనుషులు కూర్చుని తెగదెంపులు చేశారు. అక్కడికి ఆమె రాలేదు, ఆమె మేనమామ వచ్చాడు. మరుసటేడు ఆమెకు మారుమనువైందని విన్నాను. వ్యవసాయం చేసుకునే మనిషట.

ఆ లైసెన్సు మీద రిటైరయ్యేదాకా నౌకరి చేశాను. శ్రీరాంపూర్ దాకా, బెల్లంపల్లి దాకా కాయితాలు మోశాను. ఇచ్చే ప్రతివాడి ముఖం చూసి ఇచ్చాను, పుచ్చుకునే ప్రతివాడి ముఖం చూసి పుచ్చుకున్నాను. వీడికి పొగరని కొందరు ఆఫీసర్లు అనుకునేవాళ్ళు. అనుకోనీ.

మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే పెళ్ళప్పుడు గోదావరిఖనిలో స్టూడియోకు పోయి తీయించుకున్న ఫోటో బయటపడింది. నా గడ్డం పట్టుకుని ఫోటో తీసే అతనే పైకెత్తినట్టున్నాడు, నేను తిన్నగా చూస్తున్నాను. ఆమె ఆ కాలపు పెళ్ళికూతుళ్ళందరిలాగా తల వంచుకుని ఉంది. పాపిట కనబడుతుంది, ముక్కుపుల్ల కనబడుతుంది. కండ్లు కనబడవు. వెలుతురులో పెట్టి, అద్దాలు పెట్టుకుని కూడా చూశాను.