మాస్లో లీకవుతోంది సార్

మా పై ఇంటి సార్ పోయిన రోజు నాకు ఒక ఫోన్ వచ్చింది. మంగళవారం పొద్దున పదిన్నర. ఒక స్కూటర్ కింద పడుకుని తుప్పు పట్టిన బోల్టును తిడుతున్నాను. చేసింది సార్ భార్య, మా ఆంటీ. "బాబూ, ఒకసారి పైకి రా. మీ సార్ పిలుస్తుంటే పలకట్లేదు" అన్నారు.

పరుగెత్తానని రాసుకుంటే బాగుండేది. పరుగెత్తలేదు. ఆ ఇంట్లో నేను చేసిన ఆగడాలు తక్కువేం కావు. వాళ్ళ కాలింగ్ బెల్లుకి ఒకసారి లారీ హారన్ బిగించాను. సార్ చెప్పుల జతలో ఒకటి తీసి నా అరిగిన చెప్పు పెట్టాను. అదే వేసుకుని ఆయన కర్మన్‌ఘాట్ గుడిదాకా నడిచి, తిరిగొచ్చి నాకే ఫిర్యాదు చేశారు. కాబట్టి ఇన్నాళ్ళకి మొగుడూ పెళ్ళాం కలిసి నాకు బదులు తీరుస్తున్నారనుకున్నాను. తీరిగ్గా చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మెట్లెక్కుతూ ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. పేపరు ఒళ్ళో ఉంది.

"యాక్టింగు మంచిగనే ఉంది సార్. ఇగ లేవుండ్రి" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. నా వెనకాల ఆంటీ నిలబడి ఉన్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఆయనా నన్ను "ఏమోయ్ మెకానిక్కూ" అనే పిలిచారు. చంపాపేట్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే గల్లీలో కింద షట్టర్ నాది, పైన ఇల్లు వాళ్ళది. వాళ్ళది తెనాలి వైపు, మాది నల్లగొండ వైపు. నేను "జర" అంటే ఆయన "కాస్త" అని దిద్దేవారు. ఆయన "కాస్త" అంటే నేను "జర" అని దిద్దేవాణ్ణి. పదహారేళ్ళలో ఇద్దరమూ బాగుపడలేదు.

నేను పదో తరగతి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ లెక్కలు నన్ను వద్దన్నాయి. ఆయన సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు ట్యాంకుల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఆ ట్యాంకులు తయారైన దేశం పేరు ఇప్పుడు పటంలో లేదు. "బండి ఉందోయ్, బండి చేసిన దేశమే లేదు. ఇంక స్పేరు పార్టు ఎవణ్ణడగను?" అనేవారు. ఇంజన్లో నూనె పోసే మూత మీద వాళ్ళ భాషలో "మాస్లో" అని రాసి ఉండేదట. నూనెకీ అదే మాట, వెన్నకీ అదే మాటట. కొత్తగా చేరినప్పుడు బట్టీ పట్టిన ఆ మాట రిటైరయ్యాక కూడా ఆయన నాలుక దిగలేదు. వంటింట్లో నూనె ప్యాకెట్టు మాస్లో. నా దుకాణంలో ఇంజనాయిలు మాస్లో. చివరికి ఆంటీ కూడా కిరాణా చీటీలో "మాస్లో రెండు ప్యాకెట్లు" అని రాయడం మొదలుపెట్టారు. కిరాణా సేటు మొదటిసారి ఆ చీటీ చూసి, "గిదేం కంపెనీ మసాలా అమ్మా? మా దగ్గర రాదు" అన్నాడు. ఇప్పుడు అడక్కుండా నూనె కట్టిస్తాడు.

సామాను కోసం నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంటే సార్ వెనక సీటెక్కేవారు. స్పేర్ పార్టుల దుకాణంలో నిలబడి, ఒక రబ్బరు వాషర్ చేతిలోకి తీసుకుని, ఓనర్ని ఎంతో మర్యాదగా అడిగేవారు. "ఏమండీ, పదేళ్ళ తర్వాత వస్తే ఇదే సైజు ఇస్తారా?"

"పదేండ్లకి నేనుంటనో లేదో సార్. వాషర్ ముచ్చట ఎవనికి ఎర్క?" అన్నాడు ఓనర్.

సార్ బయటికొచ్చి నవ్వారు. "చూశావా, నిజం చెప్పాడు. మాకు ట్యాంకులు అమ్మినవాళ్ళు ఈపాటి నిజం కూడా చెప్పలేదోయ్."

సెన్సార్ల బండ్లు వచ్చాక నా బతుకు ఆగమైంది. ఇంజన్లో ఏం రోగమో తెలియాలంటే కంపెనీవాడి లాప్‌టాప్ కావాలి. ఒకరోజు అలాంటి బండి ముందు కూర్చుని నెత్తి పట్టుకుంటే సార్ మెట్ల మీద నుంచి చూసి మురిసిపోయారు. "ఇప్పుడు తెలిసిందా నా బాధ? కొన్నది మనం, తాళం వాడి దగ్గర. కొనడం ఒక్కరోజు ఫొటోనే. నడపడం ముప్పయ్యేళ్ళు."

సాయంత్రాలు ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర హోటల్లో చాయ్ తాగేవాళ్ళం. ఆ హోటల్ టీవీలో ఒకరోజు యుద్ధవిమానాల కొనుగోలు మీద నలుగురు మెడ నరాలు తెగేలా అరుస్తున్నారు. పక్క టేబుల్ మనిషి ఉస్మానియా బిస్కెట్ ముంచుతూ, "దేశం కోసం ఎంతైనా పెట్టాలె. లెక్కలడిగెటోడు దేశద్రోహి" అన్నాడు.

నాకు నోరు ఊరుకోదు కదా. "అన్నా, గంత దేశభక్తి ఉంటే నీ బిస్కెట్ పైసలు సుత పంపియ్యరాదే" అన్నాను. ఆపైన సార్ వైపు తిరిగాను. "అసలు గా పైసలల్ల జరంత మా గల్లీ మోరీకి పెడితే ఏం పోయింది సార్? వాన పడ్డదంటే నా దుకాణంల చేపలు పట్టుకోవచ్చు."

ఆయన నన్ను తిట్టలేదు, ఆ మనిషినీ తిట్టలేదు. సాసర్లో చాయ్ పోసుకుని చల్లార్చుకున్నారు. "మురుక్కాలవ కావాలి. ఆసుపత్రి కావాలి. కాదన్నది ఎవరు? ఒక ట్యాంకు డబ్బుతో ఎన్ని బడులు కట్టొచ్చో లోపల దూరి నూనె పూసుకున్నవాడికే బాగా తెలుస్తుంది. అంత పోసి కొన్నది విప్పే స్పానర్ లేక మూల పడుంటే, బడీ పోయింది, బండీ పోయింది."

తర్వాత టీవీ వైపు గడ్డం ఎత్తి చూపించారు. "కొన్నవాడు తిన్నాడంటారు. కొననివాడు నిద్రపోయాడంటారు. కుర్చీలు మారగానే ఈ అరుపు ఆ నోట్లోకి వెళ్తుంది, ఆ అరుపు ఈ నోట్లోకి వస్తుంది. పాత బండిలో కూర్చున్నవాడు మాత్రం అందులోనే కూర్చుని ఉంటాడు."

అలాంటి ఒక పాత బండి సంగతి నాకు ఒక్కసారే చెప్పారు. వానాకాలం మధ్యాహ్నం. దుకాణంలోకి నీళ్ళొస్తే ఇద్దరం బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. ఒక ట్యాంకు బ్రేకుకి రబ్బరు సీలు కావలసి వచ్చిందట. రెండేళ్ళు అడిగారు. కొత్త ట్యాంకులే కొందామని ఒకరు, పాతవాటికే సామాను తెప్పిద్దామని ఒకరు. ఫైలు ఆ బల్ల నుంచి ఈ బల్లకి తిరిగింది. కొత్తవీ రాలేదు, సీలూ రాలేదు. చివరికి ఇక్కడ దొరికిన రబ్బరు కోసి బిగించారు. పై అధికారి, "ఎల్లుండి విన్యాసాలున్నాయి, బండి తిరగాలి" అన్నాడు. సార్ కాగితం మీద "ఫిట్" అని రాసి సంతకం పెట్టారు. ట్యాంకును పెద్ద లారీ మీదికి ఎక్కిస్తుంటే వెనక్కి జారింది. వెనక నిలబడి దారి చూపిస్తున్న సిపాయికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేకుండా పోయింది.

"మంత్రి ఎవరో అతనికి తెలియదు. అమ్మిన కంపెనీ ఏదో తెలియదు. కాగితం మీద ఉన్నది నా సంతకం ఒక్కటేనోయ్" అన్నారు.

వాన నీళ్ళలో నా ఖాళీ ఆయిల్ డబ్బా తేలుతుంటే ఇద్దరం దాన్నే చూశాం.

ఇంత తెలిసీ ఆ పని చేశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజుల్లో పాత ట్యాంకుల బదులు కొత్తవి తెస్తారని పేపర్లో వార్తలు వచ్చేవి. సార్ రోజూ వాటిని నాకు గట్టిగా చదివి వినిపించేవారు. "కొనేముందు ఒక్క ఫిట్టర్ని పిలిచి అడిగితే ఏం పోతుందోయ్?" అని చివర్లో తప్పకుండా అనేవారు. నెల రోజులు విన్నాను. నాలోని ఆటపట్టించే పురుగు కదిలింది. పాన్ డబ్బా అతని ఫోన్ తీసుకుని, నోటికి గుడ్డ అడ్డం పెట్టి, సార్‌కి ఫోన్ చేసి, వాళ్ళ తెనాలి తెలుగే ఆయనకి వడ్డించాను.

"నమస్కారమండీ. హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ. కొత్త ట్యాంకులు కొనబోతున్నామండీ. ముందుగా మీలాంటి పెద్దల సలహా తీసుకోమన్నారండీ. శుక్రవారం పది గంటలకి మీ గల్లీ మలుపు దగ్గరికి జీపు పంపుతామండీ."

అటు నుంచి చప్పుడు లేదు. నమ్మలేదేమోనని కంగారుపడి ఇంకొంచెం మసాలా వేశాను. "పాతవాటిల్లో మాస్లో లీకవుతోంది సార్. అందరూ పరేషాన్... అంటే, ఇబ్బంది పడుతున్నారండీ."

సార్ "అలాగా. వస్తాను" అన్నారు.

శుక్రవారం తొమ్మిదిన్నరకే దిగారు. లేత నీలం చొక్కా, ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. బూట్లకి పాలిష్. చంకలో ఒక అట్ట ఫైలు. నన్ను దాటి వెళ్ళి మలుపులో నిలబడ్డారు. పది దాటగానే వెనక నుంచి వెళ్ళి ఆ పాత లారీ హారన్ మోగించి, "జీపొచ్చింది సార్!" అనాలని నా పథకం. హారన్‌కి బ్యాటరీ కూడా కలిపి పెట్టుకున్నాను.

మోగించలేకపోయాను. ఆ రోడ్డు మీద సైన్యం రంగు బండ్లు తిరుగుతూనే ఉంటాయి. అలాంటిది ఏదైనా మలుపు దగ్గర నెమ్మదిస్తే చాలు, ఆయన చెయ్యి కాలర్ దగ్గరికి వెళ్ళేది. సర్దుకునేవారు. బండి సాగిపోయేది. చెయ్యి కిందికి దిగేది. పదకొండయింది. పన్నెండయింది. నేను ఒక నట్టును బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాను. చివరికి నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళాను.

"సార్, ఎండ బాగ కొడుతున్నది. రాండ్రి, పోదాం."

"ట్రాఫిక్ ఉందేమోనోయ్. కాస్త చూద్దాం" అన్నారు.

ఒంటిగంటకి వెనక్కి వచ్చారు. నా దుకాణం ముందు ఆగి, ఫైలు నా చేతికిచ్చారు. "ఇది నీ దగ్గర ఉంచు. అడిగినవాళ్ళకి ఇద్దువుగాని" అన్నారు. గ్రీజు చేతులతోనే తీసుకుని, ర్యాకులో అన్నిటికంటే పైన పెట్టాను. దాన్ని తెరిచే దమ్ము నాకు లేకపోయింది.

మూడేళ్ళు గడిచాయి. చెప్పేద్దామని ఒకసారి నోరు తెరిచాను. "సార్, గా జీపు ముచ్చట..."

"వస్తుందిలేవోయ్! కొనడానికే ఇరవయ్యేళ్ళు పట్టే ఆఫీసు, పిలవడానికి ఆమాత్రం పట్టదా?" అని నవ్వారు. ఆ నవ్వు చూశాక నా నోరు మూతపడింది. రేపు చెబుదామనుకున్నాను. ఊరందరినీ ఆటపట్టించే నాకు ఒక మనిషి ముందు నిలబడి "నేనే చేసిన" అనడం చేతకాలేదు. రేపు రేపు అంటూ ఉండగానే ఆ మంగళవారం వచ్చింది.

పదకొండో రోజు చుట్టాలంతా వెళ్ళిపోయాక ఆంటీకి చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను. "ఆంటీ, అప్పట్ల హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసింది... నేనే."

"తెలుసు నాయనా" అన్నారు ఆవిడ. "ఆయనకీ తెలుసు."

తల ఎత్తి ఆవిడ వైపు చూశాను.

"ఫోన్ పెట్టేసి నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చారు. 'ఆఫీసులో ఇప్పుడు మాస్లో అనేవాడు ఎవడున్నాడే? ఆ మాట నీ కిరాణా చీటీలో ఉంది, కిందున్న వెధవ నోట్లో ఉంది' అన్నారు."

"మరి ఎందుకు పోయిండ్రు ఆంటీ? గంత ఎండల?"

"నేనూ అదే అడిగాను. 'ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అడిగారటే? వాడు అడిగాడు' అన్నారు. రెండు రోజులు కూర్చుని రాశారు. చొక్కా నాచేత రెండోసారి ఇస్త్రీ చేయించారు." కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "అక్కడ అంతసేపు నిలబడతారని మాత్రం నేననుకోలేదు నాయనా. ఉత్తుత్తిదని తెలుసు. అయినా, ఒకవేళ, అనుకున్నారేమో."

కిందికొచ్చి స్టూలెక్కి ఫైలు దింపాను. అట్ట మీద మూడేళ్ళ దుమ్ము, దాని కింద నా వేలిముద్రలు. లోపల నాలుగు కాగితాలు, గుండ్రటి అక్షరాలు. పైన, ఉత్తరం ఎవరికో రాసే చోట, "అడిగినవారికి" అని ఉంది. దాని కింద అన్నీ ప్రశ్నలే. విప్పే పనిముట్లు బండితోపాటు ఇస్తారా? పుస్తకం మన ఫిట్టర్ చదవగలిగే భాషలో ఉందా? పదిహేనేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? ఈ రబ్బరు సీలు మన దగ్గర ఎవరైనా చేయగలరా? ఇప్పటి నుంచే నేర్పుతారా? లోపల కూర్చోబోయేవాణ్ణి కొనేముందు ఒకసారి కూర్చోబెట్టి చూశారా? ఆఖరి కాగితంలో ఆఖరి వాక్యం మాత్రం ప్రశ్న కాదు: "ఫిట్ అని సంతకం పెట్టేవాడు ముందు బండి వెనక నిలబడాలి."

ఫైలు మళ్ళీ పైన పెట్టలేదు. పనిముట్ల బల్ల మీదే ఉంచాను. ఎవరైనా అడిగితే ఇస్తాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

చాయ్ తాగడానికి ఇప్పుడు ఒక్కణ్ణే వెళ్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు మలుపులో, సార్ నిలబడ్డ చోట, పని లేకపోయినా ఆగుతున్నాను. చంపాపేట్ వైపు నుంచి ఆకుపచ్చ బండి ఏదైనా వచ్చి మలుపులో నెమ్మదిస్తే, నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. నూనె మరకల చొక్కా, దానికి సగం చిరిగిన కాలర్. దాన్నే సర్దుకుంటాను.